మతిమరుపు, తడబడే నడక: పెద్దవాళ్ళకు ఏ బ్రెయిన్ స్కాన్ తీయించాలి?

హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చే కుటుంబాలు స్కాన్ సెంటర్‌కు ఫోన్ చేసి అడిగేవి రెండే: "3 టెస్లా ఉందా? ఎంతవుతుంది?" టెస్లా అంటే ఎంఆర్ఐ మెషీన్‌లోని అయస్కాంతం బలాన్ని చెప్పే కొలత. నేను ఇక్కడ ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని కాబట్టి ఆ ఫోన్లు నా చెవిన పడుతూనే ఉంటాయి. మతిమరుపు కోసం తీయించే స్కాన్‌కు ఆ రెంటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: "ఫ్లెయిర్, ఎస్‌డబ్ల్యూఐ రెండూ తీస్తారా?" ఇవి ఎంఆర్ఐలో తీసే రెండు రకాల బొమ్మలు. మంచి 1.5 టెస్లా మెషీన్ మీద ఈ రెండూ ఓపిగ్గా తీస్తే, 3 టెస్లా మీద హడావిడిగా కానిచ్చిన స్కాన్ కంటే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది.

నేను చెబుతున్నది మెదడులోని సన్న రక్తనాళాల జబ్బు గురించి. డాక్టర్లు స్మాల్ వెసెల్ డిసీజ్ అంటారు. వయసుతోపాటు ఏళ్ళ తరబడి ఉన్న బీపీ, షుగర్, పొగ అలవాటు కలిసి మెదడు లోతుల్లోకి వెళ్ళే సన్న నాళాలను బిరుసెక్కిస్తాయి. చుట్టూ ఉన్న వైట్ మేటర్‌కు, అంటే మెదడు భాగాలను కలిపే తీగల్లాంటి పొరకు, రక్తం చాలీచాలకుండా అందుతుంది. ఒకచోట నాళం పూర్తిగా మూసుకుపోతుంది, ఇంకోచోట కొద్దిగా రక్తం కారుతుంది. తమాషా ఏమిటంటే, ఈ నాళాలు మామూలు స్కాన్‌లో అసలు కనిపించవు, అంత సన్నవి. చివరి మడిలో పైరు ఎండితే పిల్లకాలువ పూడిందని రైతు కనిపెట్టినట్టే, స్కాన్ చూసి డాక్టర్లు పోల్చుకునేది నాళాన్ని కాదు, అది చేసిన నష్టాన్ని. ఏ నష్టం ఏ స్కాన్‌లో కనబడుతుందో తెలిస్తే ఎంపిక సగం తేలినట్టే.

ఇంట్లో ఇది ఎలా బయటపడుతుంది? అల్జీమర్స్‌లో ముందు పోయేది కొత్త సంగతుల జ్ఞాపకం. పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు, అడిగిందే అడుగుతారు. సన్న నాళాల జబ్బులో ముందు మందగిస్తుంది మనిషి వేగం. జవాబు వస్తుంది గానీ ఆలస్యంగా వస్తుంది. చిట్టీ లెక్కలు, కొట్టు లెక్కలు చూసుకునే మనిషి వాటి జోలికి పోవడం మానేస్తాడు. అడుగులు చిన్నవవుతాయి, కాళ్ళు ఈడుస్తూ నడుస్తారు, మూత్రం ఆపుకోలేక బాత్రూముకు పరుగెడతారు, దేనిమీదా ఆసక్తి ఉండదు. "వయసు మీద పడింది, చాదస్తం" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకునేది ఈ దశలోనే. డెబ్బై, ఎనభై దాటినవాళ్ళలో రెండు జబ్బులూ కలిసి ఉండటం మామూలు. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు, ఉందని పెద్దవాళ్ళ మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ సర్వే లెక్క. అందులో సన్న నాళాల వాటా చిన్నదేమీ కాదు.

ఇంకో మాట, స్కాన్ కంటే ముందు జరగాల్సింది. బీ12, థైరాయిడ్, సోడియం రక్తపరీక్షలు చవక. ఆ మూడింట్లో ఏది తేడాగా ఉన్నా మతి తప్పినట్టు కనిపించవచ్చు. నిద్రమాత్రలు, చెవుడు, దిగులు కూడా అంతే. జ్ఞాపకశక్తి పరీక్ష మాత్రం తెలుగులోనే పెట్టమని అడగండి. బెంగళూరులో ఇది అవసరమైన జాగ్రత్త. జీవితమంతా తెలుగులో లెక్కపెట్టిన మనిషిని ఇంగ్లీషులోనో కన్నడలోనో వందలోంచి ఏడేడు తీసేయమంటే మార్కులు తగ్గుతాయి, లేని జబ్బు కాగితం మీదికెక్కుతుంది. మోకా అనే జ్ఞాపకశక్తి పరీక్షకు తెలుగు రూపం ఉంది. ఐసీఎంఆర్ తయారుచేయించిన న్యూరో కాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే పరీక్షల సెట్టు ఐదు భాషల్లో ఉంది, వాటిలో తెలుగు, కన్నడ రెండూ ఉన్నాయి.

సీటీ ఎప్పుడు చాలు?

సీటీని చిన్నచూపు చూడకండి. పడుకోబెట్టి తీసి లేపడానికి ఐదు పది నిమిషాలు పట్టదు, అసలు స్కాన్ సెకన్లలో అయిపోతుంది. ఖర్చు ఎంఆర్ఐలో సగానికన్నా తక్కువే ఉంటుంది. రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు, అంటే ప్రకృతిలోంచి ఏడాదిలో మనమీద పడేదానికి కాస్త అటూ ఇటూ. డెబ్బై ఏళ్ళ మనిషికి ఒక సీటీ గురించి టెన్షన్ పడే అవసరం లేదు.

మతిమరుపు ఉన్నట్టుండి, రోజుల్లోనో రెండు మూడు వారాల్లోనో ముదిరితే ఎంఆర్ఐ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే సీటీ తీయించాలి. బాత్రూములో జారిపడి తలకు దెబ్బ తగిలిన పెద్దాయన, పైగా రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాడంటే, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం మెల్లగా పేరుకుని ఉండొచ్చు. దీన్ని సబ్‌డ్యూరల్ అంటారు. ఆపరేషన్‌తో బాగయ్యే మతిమరుపుల్లో ఇదొకటి. రెండోది, మెదడులోని నీటి గదులు ఉబ్బే ఎన్‌పీహెచ్. నడక, మూత్రం, మతి మూడూ కలిసి దెబ్బతింటాయి కాబట్టి సన్న నాళాల జబ్బులాగే కనబడుతుంది. గదులు పెద్దవైన సంగతి సీటీలోనే తెలుస్తుంది. గడ్డలు, పెద్ద పక్షవాతాల మచ్చలు కూడా సీటీకి దొరుకుతాయి.

మరి సన్న నాళాల జబ్బు? ముదిరితే సీటీలోనూ కనబడుతుంది. వైట్ మేటర్ నల్లబడి మసకగా ఉంటుంది, పెద్ద లాక్యూన్లు, అంటే పాత చిన్న పక్షవాతాల గుర్తులు, గుంటల్లా కనబడతాయి. తొలిదశ, మధ్యదశ మచ్చల్లో చాలావాటిని సీటీ వదిలేస్తుంది. మైక్రోబ్లీడ్లు, అంటే చిన్న చిన్న రక్తపు మరకలు, దానికి కనబడనే కనబడవు. అందుకే "సీటీ నార్మల్" అనే రిపోర్టు పట్టుకుని మెదడు నిక్షేపంగా ఉందనుకోవద్దు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు ఇంటికి పంపేటప్పుడు ఒక కార్డు ఇస్తారు. అది ఎంఆర్ఐకి పనికొచ్చే రకమైతే కార్డు మీద రాసి ఉంటుంది. కార్డు పోయిందా, పాత రకమా, అయితే చాలావరకు సీటీతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. రెండు నిమిషాలు కూడా కదలకుండా ఉండలేని మనిషికీ అంతే. మత్తిచ్చి తీయొచ్చు కదా అంటారు. మతి బాగాలేని ముసలివాళ్ళకు మత్తు తర్వాత గందరగోళం రోజుల తరబడి ఉండిపోవచ్చు. స్కాన్ వల్ల వైద్యం మారే పరిస్థితి ఉంటేనే, మత్తు డాక్టరు పక్కనుంటేనే ఆ మాట ఎత్తాలి.

ఎంఆర్ఐ అంటే ఒక్క స్కాన్ కాదు

అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది. "ఎంఆర్ఐ బ్రెయిన్ ప్లెయిన్" అని డాక్టరు ఇచ్చిన స్లిప్ మీద ఉంటుంది. ఒక సెంటర్‌లో ఆ పేరుతో ఆరేడు రకాల బొమ్మలు తీస్తారు. ఇంకోచోట అదే పేరుతో, కాస్త తక్కువ రేటుకు, మూడు తీసి పంపించేస్తారు. వెన్నెముక స్కాన్‌తో పాటు "బ్రెయిన్ స్క్రీనింగ్" కలిపి ఇస్తామనే ఆఫర్లు ఈ రెండో రకం. తలనొప్పికి అది చాలొచ్చు, మతిమరుపుకు చాలదు.

మతిమరుపు కోసం నేను తీసేటప్పుడు తప్పకుండా ఉండాలనుకునేవి ఐదు.

ఫ్లెయిర్ మొదటిది. మెదడు చుట్టూ ఉండే నీటిని నల్లగా మార్చేసి, దెబ్బతిన్న వైట్ మేటర్‌ను తెల్లగా మెరిసేలా చేస్తుంది. నీటి గదుల అంచున సన్నటి తెల్లటి గీతలా మొదలై, చుక్కలై, ముదిరాక ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద మచ్చలవుతాయి. రిపోర్టుల్లో ఫజెకాస్ 1, 2, 3 అని, తక్కువ నుంచి ఎక్కువకు, రాసేది ఈ మచ్చలకే. 1987లో వచ్చిన కొలత, ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఫ్లెయిర్‌కు ఒక బలహీనత ఉంది. మెదడు నడిమధ్య ఉండే థాలమస్, మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమ్ లాంటి చోట్ల మచ్చలు అంత బాగా చూపించదు. అక్కడికి టీ2 అనే బొమ్మ కావాలి, అది రెండోది.

లాక్యూన్ అంటే పాత చిన్న పక్షవాతం వదిలిపెట్టిన గుంట. దాన్ని తేల్చడానికి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంట, టీ2లో నీటిలాగా తెల్లగా, ఫ్లెయిర్‌లో మధ్య నల్లగా చుట్టూ తెల్లటి అంచుతో ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా, నాళం వెంట పొడుగ్గా, అంచు లేకుండా ఉంటే అది చాలావరకు నాళం చుట్టూ ఉండే ఖాళీ. వీఆర్ స్పేస్ అని రాస్తారు. రెండూ ఒకటే అనుకుని "నాయనకు నాలుగు స్ట్రోకులు వచ్చినాయంట" అని కంగారుపడేవాళ్ళను చూశాను. ఈ కొలతలూ పేర్లూ అన్ని దేశాల డాక్టర్లూ ఒకేలా వాడాలని 2013లో స్ట్రైవ్ అనే ప్రమాణం వచ్చింది, 2023లో దాన్ని సవరించారు.

మూడోది డిఫ్యూజన్. ఒకటి రెండు నిమిషాల పని. గత పది రోజుల్లోపు వచ్చిన పక్షవాతం, చిన్నదైనా సరే, చాలావరకు ఇందులో దీపం పెట్టినట్టు వెలుగుతుంది. వారం కింద మాట తడబడి మళ్ళీ సర్దుకున్న మనిషికి ఇది లేకుండా స్కాన్ తీయడం దండగ.

నాలుగోది ఎస్‌డబ్ల్యూఐ. ఎక్కువగా మిస్సయ్యేది ఇదే. కారిన రక్తంలోని ఇనుము అక్కడే ఉండిపోతుంది కాబట్టి, ఏళ్ళ కిందటి మైక్రోబ్లీడ్ కూడా ఇందులో నల్లటి గుండ్రటి చుక్కలా కనబడుతుంది. చుక్కలు ఎన్ని అన్నదాంతో పాటు ఎక్కడెక్కడ అన్నది కూడా డాక్టరుకు కావాలి. మెదడు లోపలి భాగంలో, థాలమస్, బ్రెయిన్‌స్టెమ్‌లలో ఉంటే బీపీ వల్ల అని అనుమానిస్తారు. పైపొర దగ్గర, అంచుల్లో మాత్రమే ఉంటే అమైలాయిడ్ ఆంజియోపతీ, అంటే నాళాల గోడల్లో అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం. ఈ రెండో రకంలో మెదడులో పెద్ద రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. గుండె కోసం రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్ళ విషయంలో ఈ చుక్కలు చూసి న్యూరాలజిస్టు, గుండె డాక్టరు మాట్లాడుకుని నిర్ణయం తీసుకుంటారు. రిపోర్టులో మైక్రోబ్లీడ్ అని చదివి ఆస్పిరిన్ మీరే ఆపేయకండి. లెకనెమాబ్, డొనానెమాబ్ లాంటి కొత్త అల్జీమర్స్ మందులు మొదలుపెట్టే ముందు కూడా ఈ లెక్క చూస్తారు. నాలుగు చుక్కలు మించితే సాధారణంగా ఆ మందులు ఇవ్వరు.

పేరు దగ్గర ఒక చిక్కుంది. సీమెన్స్ మెషీన్‌లో ఎస్‌డబ్ల్యూఐ అనేదాన్ని జీఈ మెషీన్‌లో స్వాన్ అంటారు, ఫిలిప్స్‌లో ఎస్‌డబ్ల్యూఐ-పీ. ఏదున్నా పర్లేదు. జీఆర్ఈ అని మాత్రమే అంటే అది పాత పద్ధతి, మైక్రోబ్లీడ్లు చూపిస్తుంది గానీ తక్కువ సంఖ్యలో. ఇంకో చిన్న సంగతి: పెద్దవయసులో మెదడులో సున్నం పేరుకోవడం మామూలే, అది కూడా నల్లగా కనబడుతుంది. అది సున్నమా రక్తమా తేలకపోతే, అప్పుడు ఒక సీటీ చూస్తే తేలిపోతుంది. కాబట్టి పాత సీటీ ఫిల్ములు ఇంట్లో ఉంటే వెంట తెచ్చుకోండి.

ఐదోది సన్న ముక్కలుగా తీసే త్రీడీ టీ1. జ్ఞాపకాల గది లాంటి హిప్పోక్యాంపస్ ఎంత కుంచించుకుపోయిందో దీన్ని నిలువుగా కోసి చూస్తే తెలుస్తుంది. సన్న నాళాల జబ్బుతో పాటు అల్జీమర్స్ కూడా ఉందా అన్న అనుమానానికి ఇదొక ఆధారం. రిపోర్టులో ఎంటీఏ అని 0 నుంచి 4 దాకా మార్కు వేస్తారు, మార్కు పెరిగేకొద్దీ ఎక్కువ కుంచించుకుపోయినట్టు.

కొన్ని సెంటర్లలో ఈ మొత్తానికి "డిమెన్షియా ప్రొటోకాల్" అనే పేరు ఉంటుంది. స్లిప్ మీద డాక్టరుతో ఆ రెండు మాటలు రాయించుకుంటే మీరు ఒక్కో పేరూ కౌంటర్లో వల్లించే బాధ తప్పుతుంది.

1.5 టెస్లానా, 3 టెస్లానా?

రెండు మెషీన్లలోనూ పైన చెప్పిన ఐదూ తీస్తారన్నప్పుడు, 3 టెస్లా మేలే. మైక్రోబ్లీడ్లు ఎక్కువ దొరుకుతాయి, చిన్న మచ్చలు తేటగా ఉంటాయి. అయితే ఆ తేడా వల్ల డెబ్బై ఐదేళ్ళ పెద్దాయన మందులు మారే సందర్భాలు తక్కువ. పరిశోధనకు, వంశంలో వచ్చే అరుదైన రకాలకు, అమైలాయిడ్ ఆంజియోపతీ అనుమానానికి 3 టెస్లాకు మొగ్గుతాను. మిగతావాళ్ళు ఇంటికి దగ్గర్లో ఉన్న మంచి 1.5 టెస్లాకు వెళ్ళడంలో నష్టం లేదు. 3 టెస్లాలో మోత ఎక్కువ. కొన్ని ఇంప్లాంట్లకు 1.5 టెస్లాకే అనుమతి ఉంటుంది. మోకాలి చిప్ప మార్చుకున్నవాళ్ళకు, గుండెలో స్టెంట్ ఉన్నవాళ్ళకు తల స్కాన్ మామూలుగా తీసేస్తాం, కాకపోతే ఆ కాగితాలు చూపించాలి. మెదడులో పాత క్లిప్ వేసి ఉంటే మాత్రం కాగితం లేకుండా గదిలోకి రానివ్వం.

ఓపెన్ ఎంఆర్ఐ గురించి తరచూ అడుగుతారు, ముసలివాళ్ళకు భయం ఉండదని. నిజమే. కానీ అయస్కాంత శక్తి తక్కువ కాబట్టి మైక్రోబ్లీడ్ల విషయంలో దానిమీద భరోసా పెట్టుకోలేం. గదిలోకే రానని మొండికేసే మనిషికి తప్ప నేను సిఫారసు చేయను.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ సన్న నాళాల జబ్బుకు అక్కర్లేదు. గడ్డ, ఇన్ఫెక్షన్, వాపు లాంటివి అనుమానిస్తే డాక్టరే రాస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అప్పుడు క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి. ఆంజియో కూడా అంతే. అది పెద్ద నాళాలను చూపిస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు మెడ నాళాలతో కలిపి తీయడం సబబు, ఒట్టి మతిమరుపుకు ఊరికే ప్యాకేజీలో కలిపితే వద్దనండి.

పెట్ స్కాన్ సన్న నాళాల కోసం కాదు. ఎంఆర్ఐ చూశాక కూడా అల్జీమర్సా, మెదడు ముందు భాగాలు కుంచించుకుపోయే ఫ్రంటో టెంపోరల్ రకమా అని న్యూరాలజిస్టుకు తేలనప్పుడు దాని అవసరం వస్తుంది. చక్కెరలాంటి మందు ఎక్కించి తీసే ఎఫ్‌డీజీ పెట్‌కు పరగడుపున రావాలి, షుగర్ అదుపులో ఉండాలి. ఖర్చు ఎంఆర్ఐ కంటే బాగా ఎక్కువ. మొదటి స్కాన్‌గా ఎవరైనా దీన్ని రాస్తే ఎందుకని అడగడం మీ హక్కు.

గదిలోకి వెళ్ళేముందు

మెషీన్ ఎంపిక కంటే బొమ్మల నాణ్యతను ఎక్కువ పాడుచేసేది కదలిక. మొత్తం ఇరవై ఐదు, ముప్పై నిమిషాలు పడుతుంది. సాయంత్రమైతే గందరగోళం పెరిగేవాళ్ళుంటారు, వాళ్ళకు పొద్దుటి స్లాట్ అడగండి. ప్లెయిన్ ఎంఆర్ఐకి పస్తుండక్కర్లేదు, బీపీ మాత్ర మానక్కర్లేదు. గదిలోకి వెళ్ళే నిమిషం ముందు బాత్రూముకు తీసుకెళ్ళండి, ఇంట్లో వెళ్ళొచ్చారుగా అని వదిలేయకండి. ఆపుకోలేక మధ్యలో లేచినవాళ్ళ స్కాన్లు ఎన్నో సగంలో ఆగాయి.

మనిషి ఎక్కువసేపు ఉండలేడనిపిస్తే టెక్నీషియన్‌తో ముందే చెప్పండి: "డిఫ్యూజన్, ఫ్లెయిర్, ఎస్‌డబ్ల్యూఐ ముందు తీసేయండి, ఓపిక ఉంటే మిగతావి." మేం వరుస మార్చుకోగలం. ఈ ఒక్క మాటతో చాలా స్కాన్లు పనికొచ్చేవి అవుతాయి. ఇంట్లోవాళ్ళలో ఒకరు, ఒంటిమీద లోహం లేకుండా, లోపలే కాళ్ళ దగ్గర నిలబడి పాదం పట్టుకుంటే చాలామంది కుదురుగా ఉంటారు.

ఆడవాళ్ళ విషయంలో తంటా అంతా పుస్తెలతాడుతో వస్తుంది. బంగారం అయస్కాంతానికి అంటుకోదు గానీ, తాడుకు వేలాడే పిన్నీసులు అంటుకుంటాయి. పైగా గొలుసు తలకూ మెడకూ దగ్గరగా ఉంటే బొమ్మ చెడుతుంది. కౌంటర్ దగ్గర ఉన్నట్టుండి "తీసేయమ్మా" అంటే డెబ్బై ఏళ్ళ అవ్వ ఒప్పుకోదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఇంటినుంచి బయల్దేరేటప్పుడే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి వేసి తీసుకొస్తే ఏ గొడవా ఉండదు. ముక్కుపుడక బిగుసుకుపోయి రాకపోవడం మామూలే, ముందురోజు నూనె రాసి తీయండి. సవరం, జడపిన్నులు, మెట్టెలు, పట్టీలు తీసేయాలి. మగవాళ్ళకు వెండి మొలతాడు, దానికి బీరువా తాళంచెవి, ఇనుప తాయెత్తు ఉంటాయి, పంచె మడతలో మర్చిపోతారు. కట్టుడు పళ్ళు, చెవి మెషీన్ బయట మీ చేతికే ఇవ్వమనండి. చెవి మెషీన్ తీశాక మేం మైకులో చెప్పేది వాళ్ళకు వినబడదు, కాబట్టి కదలొద్దని, మోత వస్తుందని ముందే నచ్చజెప్పి పంపండి.

బెంగళూరులో ఎక్కడ?

హోసూరు రోడ్డులోని మెదడు, మానసిక జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్‌లో బొమ్మలు చదివేవాళ్ళు మెదడు స్కాన్లే చదివే న్యూరో రేడియాలజిస్టులు. మతిమరుపుకు ప్రత్యేకమైన క్లినిక్ కూడా అక్కడుంది. కేసు చిక్కుగా ఉంటే, మనిషికి 50 కూడా నిండకపోతే, ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే, వరుసలో ఆగాల్సి వచ్చినా అక్కడికే వెళ్ళమంటాను. బయట ప్రైవేటు సెంటర్‌లో చాలాసార్లు అదే రోజు అయిపోతుంది. ఊరినుంచి తెల్లవారుజామున బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగి సాయంత్రానికి తిరిగిపోవాల్సినవాళ్ళకు అదే వీలు. ప్రైవేటులో తీయించి, ఆ సీడీ పట్టుకుని నిమ్హాన్స్‌లో చూపించుకునే మధ్యేమార్గం కూడా ఉంది. అయితే ఎస్‌డబ్ల్యూఐ లేని సీడీ తీసుకెళితే మళ్ళీ తీయమంటారు, రెండు ఖర్చులు.

ప్రైవేటులో రిపోర్టు నాణ్యత స్లిప్ మీద ఏం రాసుందో దాన్నిబట్టి ఉంటుంది. "ఎంఆర్ఐ బ్రెయిన్" అని మాత్రమే ఉంటే చదివే డాక్టరుకు ఏం వెతకాలో తెలియదు. ఏడాదిగా మతిమరుపు, నడక తేడా, బీపీ పదిహేనేళ్ళుగా, సన్న నాళాల జబ్బా అల్జీమర్సా అని ఒక్క వాక్యం రాయించండి. ఇక్కడి సెంటర్లలో తెలుగు మాట్లాడే టెక్నీషియన్లు బాగానే ఉంటారు, మొహమాటపడకుండా అడగండి.

ఈ చుట్టుపక్కలే జరుగుతున్న ఒక పని గురించి కూడా చెప్పాలి. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన పదివేల మందిని లక్ష్యంగా పెట్టుకుని, ఏళ్ళ తరబడి వాళ్ళ మతి, రక్తం, మెదడు స్కాన్లు గమనిస్తోంది. తెలుగు ఇంటింటా వినిపించే సీమ అది. మన పల్లెటూరి మెదళ్ళ గురించి మన దగ్గరి లెక్కలు అక్కడినుంచే రావాలి. ఇన్నాళ్ళూ కొలతలు ఎక్కువగా అమెరికావో యూరప్‌వో.

రిపోర్టు చేతికొచ్చాక

"క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్", అంటే సన్న నాళాల్లో రక్తం చాలక ఏళ్ళుగా వచ్చిన మార్పులు, అన్న మాట చూసి బెంబేలెత్తకండి. 60 దాటిన చాలామందికి ఎంతో కొంత ఉంటుంది. ఫజెకాస్ 1 అంటే ఆ వయసులో తరచూ కనిపించేదే, మతిమరుపును దానిమీదికి నెట్టేస్తే అసలు కారణం మిగిలిపోతుంది. ఫజెకాస్ 3, లోపలి భాగంలో లాక్యూన్లు, నడక తేడా మూడూ కలిస్తే అప్పుడు నాళాలే దోషులనడానికి బలం వస్తుంది. తీర్పు స్కాన్‌ది కాదు, మనిషిని చూసిన న్యూరాలజిస్టుది. రిపోర్టులో మచ్చల మోతాదు, లాక్యూన్లు, మైక్రోబ్లీడ్లు ఎన్ని ఎక్కడ, హిప్పోక్యాంపస్ సంగతి లేకుండా "ఏజ్ రిలేటెడ్ చేంజెస్" అని ఒక్క ముక్కతో సరిపెడితే, సెంటర్‌కు ఫోన్ చేసి అవి చేర్చమని అడగొచ్చు. బొమ్మలు ఉన్నాయి కాబట్టి మళ్ళీ స్కాన్ అక్కర్లేదు.

బీపీ లేదు, షుగర్ లేదు, వయసు నలభైల్లో ఉంది, ఏళ్ళ తరబడి మైగ్రేన్ ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళకు చిన్న వయసులోనే పక్షవాతాలు వచ్చాయి, అలాంటి మనిషి ఫ్లెయిర్‌లో కణతల లోపలి కొస దాకా తెల్లటి మచ్చలుంటే క్యాడసిల్ అనే వంశపారంపర్య రకాన్ని అనుమానిస్తారు. నాచ్3 జన్యువు పరీక్షతో తేలుతుంది. ఇలాంటి రకాల్లో స్కాన్ ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయమవుతుంది.

ఇంతా చేసి ఏం లాభం, మచ్చలు పోతాయా అంటారు. వచ్చిన మచ్చను పోగొట్టే మందు లేదు. పెరుగుదలను నెమ్మది చేయొచ్చు. 2019లో వెలువడిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో పై బీపీని 120 కిందికి తెచ్చేలా మందులు వాడినవాళ్ళలో, 140 కింద ఉంచినవాళ్ళకన్నా మచ్చలు తక్కువగా పెరిగాయి, తొలిదశ మతిమరుపులోకి జారినవాళ్ళూ తగ్గారు. ఆ అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్ళను చేర్చుకోలేదు. నిలబడితే కళ్ళు తిరిగే పెద్దవాళ్ళకు 120 ప్రమాదం కూడా కావచ్చు, కాబట్టి అంకె డాక్టరే చెప్పాలి.

ఆరు నెలలకోసారి ఎంఆర్ఐ తీయించాల్సిన పని లేదు. మచ్చలు అంత తొందరగా పెరగవు, డబ్బు దండగ. కొత్తగా మాట పడిపోయినా, ఒక పక్క బలం తగ్గినా, నడక ఉన్నట్టుండి చెడినా అప్పుడు తీయాలి. తీయించాల్సి వస్తే అదే సెంటర్‌లో, వీలైతే అదే మెషీన్ మీద. 1.5 టెస్లా బొమ్మను 3 టెస్లా బొమ్మ పక్కన పెట్టి చుక్కలు పెరిగాయని చెప్పడం కుదరదు, కొన్ని మెషీన్ వల్ల కనిపించినవై ఉండొచ్చు. ఫిల్ములు కాలం గడిచేకొద్దీ మసకబారతాయి, వాటిని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే మైక్రోబ్లీడ్ కాదు కదా లాక్యూన్ కూడా తెలియదు. సీడీ అడిగి తీసుకోండి, అందులో బొమ్మలు డైకామ్ రూపంలో, అంటే డాక్టరు కంప్యూటర్లో అసలు నాణ్యతతో తెరవగలిగే ఫైళ్ళుగా, ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే తెరిపించి చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకుని, పాత సీటీతో కలిపి ఒకే కవర్లో పెట్టండి.